బాయిలరన్న అడిగిన కాగితం

మీ సంఘంలోనో, మిల్లులోనో, బడిలోనో ఏళ్ల తరబడి బరువు మోసిన మనిషిని ఒక్క పూటలో గేటు బయటికి పంపినప్పుడు, ఎందుకు పంపుతున్నారో అతని చేతికి రాసిచ్చారా? ఇవ్వలేదు కదూ? పోనీ, ఆ మర్నాడు టీ తాగుతూ అతని గురించి ఏం మాట్లాడుకున్నారో గుర్తుందా?

నాకు గుర్తుంది. మర్చిపోదామని చాలా ఏళ్లు ప్రయత్నించాను. మొన్న బాన్సువాడలో పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు నుంచి నడిచి వస్తుంటే, తుప్పు పట్టిన పైపుల మధ్య ఒక గుండ్రటి ఇనుప దిమ్మ కనిపించింది. పుచ్చకాయలో సగమంత ఉంటుంది. దాని మీద ఆకురాయితో గీసిన అడ్డగీతలు మూడు. ఆ గీతలు గీసిన చెయ్యి నాకు తెలుసు.

"ఇది మన రైతుల మిల్లుది కదా?" అని అడిగాను.

"అవ్ సార్. మిల్లు మొత్తం తుక్కు కింద అమ్మిన్రు గదా. గది బాయిలరన్న దిమ్మ," అన్నాడు దుకాణదారు. తర్వాత నా మొహం చూసి, "మీకు తెల్వదా? ఆయన పోయిండు సార్. పొలాల అమావాస్య ఎల్లిన నాలుగొద్దులకు," అన్నాడు.

ఆ దిమ్మ కొనుక్కుని ఇంటికి తెచ్చాను. ఇప్పుడు రాస్తున్న కాగితాల మీద అదే ఉంది.

ఆయన అసలు పేరు మిల్లులో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పట్టలేదు. వడ్లు ఉడకబెట్టి బియ్యం చేసే మిల్లు మాది. చుట్టుపక్కల పాత రైతు కుటుంబాలూ, కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చిన కోస్తా రైతులూ కలిసి పెట్టుకున్నది. బడిపంతులునైనా నాకు కొంచెం పొలం ఉండడం వల్ల నేనూ కమిటీలో ఉండేవాణ్ణి. వడ్లు ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే బాయిలర్ కావాలి. ఊక వేసి మండించే ఆ బాయిలర్ ఎక్కడో పాతబడితే కొనితెచ్చింది. దాని స్వభావం తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి మద్నూర్ నుంచి వచ్చాడు. అందరికీ బాయిలరన్న.

ఆయన ఎవరికీ నమస్తే చెప్పేవాడు కాదు. "నీళ్లు కనవడుతున్నయా?" అనేవాడు. బాయిలర్ పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంత మట్టంలో ఉన్నాయో అందులో కనిపిస్తుంది. కనిపించకపోతే కొంప మునిగినట్టే. ఆయన లెక్కలో లోకంలోని క్షేమసమాచారాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయేవి. పెళ్లి పందిట్లో ఎదురైనా అదే అడిగేవాడు. జవాబుగా మేము "కనవడుతున్నయ్ అన్నా" అనాలి.

బాయిలర్‌ను అవ్వ అనేవాడు. "అవ్వకు దూప అయితుంది, పంపు ఎయ్యి," "అవ్వ ఇయ్యాల కోపం మీదున్నది, ఊక తగ్గియ్యి." వేపపుల్ల ఒక కొన పళ్ల మధ్య కరిచిపట్టి, రెండో కొన పంపుకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపలి చప్పుడు పళ్లలోంచి తలలోకి వస్తుందట. ఒకసారి నాకూ పుల్ల ఇచ్చాడు. నాకు పళ్లు జివ్వుమనడం తప్ప ఏమీ తెలియలేదు. "మీరు సదువుకున్నోళ్లు సార్, చెవులతోటి వింటరు," అని నవ్వాడు.

టీ ఎప్పుడూ నిలబడే తాగేవాడు, మొహం గాజు గొట్టం వైపు, వీపు మన వైపు. ఎవరొచ్చినా అంతే. మిల్లు అధ్యక్షుణ్ణి అందరం పటేల్ అనేవాళ్లం. మంచి రైతే, చేతికి ఎముక లేని మనిషే, కానీ తను వస్తే నలుగురూ లేవాలని ఉండేది. ఒకరోజు వెనక నిలబడి దగ్గాడు. బాయిలరన్న తిరగలేదు.

"ఏందిరా, మనిషొస్తే ముఖం సూపియ్యవా?"

"గీ గ్లాసు దిక్కు సూసుడు బంద్ జేస్తే, మీ ముఖం సూడనీకి ఎవ్వలం మిగలం పటేలా."

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. పటేల్ కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆయన ఇంటికి తీసుకెళ్లాడని నాకు తర్వాత అర్థమైంది.

ఇక గుమ్మడికాయ సంగతి.

తొంభైల మధ్యలో ఒక ఏడు బాయిలర్ లోపలి గొట్టం పగిలి మిల్లు ఆగిపోయింది. గొట్టం పాతదైంది, పగిలింది. మార్చాలని బాయిలరన్న అంతకుముందు రెండేళ్లుగా చెబుతున్నాడు. కమిటీ మాత్రం దిష్టి తగిలిందని తేల్చింది. గొట్టం మార్చారు, మంచిదే. దాంతో పాటు ఒక సిద్ధాంతిని కూడా పిలిచారు. సీజను మొదలుపెట్టే రోజున బూడిద గుమ్మడికాయ ఒకటి బాయిలర్ మీద అన్నిటికన్నా ఎత్తైన చోట వేలాడదీయాలని ఆయన చెప్పాడు.

బాయిలర్ మీద అన్నిటికన్నా ఎత్తుగా కనిపించేది ఒక ఇనుప కడ్డీ. దాని కొస దగ్గర ఈ దిమ్మ వేలాడుతుంటుంది; ఎక్కడ వేలాడాలో గుర్తుకు బాయిలరన్న దిమ్మ మీద గీసినట్టే కడ్డీ మీదా మూడు గీతలు గీశాడు. ఇది అలంకారం కాదు. మీ ఇంట్లో కుక్కర్ మీది విజిల్ లాంటిది. లోపల ఆవిరి హద్దు దాటితే దిమ్మతో సహా కడ్డీని పైకెత్తి, బుస్సున బయటికి పోతుంది. ప్రాణాలు దక్కుతాయి. దిమ్మ బరువు పెరిగితే కడ్డీ లేవదు. అంత వయసు మీద పడ్డ బాయిలర్‌లో ఆవిరి బయటికి పోకపోతే ఏమవుతుందో రాయనక్కర్లేదు. మా వాళ్లు సరిగ్గా ఆ కడ్డీ కొసకు, ఎర్రగుడ్డ ఉట్టిలో పెట్టి, చంటిపిల్లాడంత గుమ్మడికాయను కట్టారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. లోకంలో ఇన్ని చోట్లుండగా, కట్టకూడని ఒకే ఒక్క చోటును పంచాంగం చూసి మరీ ఎంచుకున్నారు!

అప్పుడు బాయిలరన్న నీళ్ల తొట్టి దగ్గర ఉన్నాడు. మంట పొద్దున్నే వేశాడు, ఆవిరి లేస్తోంది. కమిటీ అంతా కొత్త తువ్వాళ్లు వేసుకుని నిలబడి ఉంది. పటేల్ తల్లి హారతి పళ్లెం పట్టుకుని ఉంది. వడ్లు ఆరబోసే ఆడవాళ్లు ఇరవై మంది దాకా గోడవారన కూర్చుని ఉన్నారు. ఆయన వచ్చి పైకి చూశాడు.

"గా కాయ ఎవలు కట్టిన్రు?"

అందరూ పటేల్ వైపు చూశారు.

"పటేలా, గది అక్కడొద్దు. గేటు దూలానికి కట్టుండ్రి, లేకుంటే నా మెడకు కట్టుండ్రి. అక్కడ మాత్రం వద్దు."

"సిద్ధాంతి జెప్పిండు. ముహూర్తం దాటుతుంది. నువ్వు మంట సూసుకో," అన్నాడు పటేల్.

"కుక్కర్ విజిల్ మీద రోలు వెడతమా పటేలా?"

"నోరు మూస్కొని పని జెయ్!"

ఆయన నోరు మూసుకున్నాడు. నిచ్చెన ఎక్కాడు. నడుముకున్న చిన్న కొడవలి తీసి ఉట్టి తాడు కోశాడు. కాయను పట్టుకోవాలనే చూశాడు, నేను కళ్లారా చూశాను. పసుపుకు చెయ్యి జారింది. కాయ కిందపడి, పటేల్ తల్లి పాదాల ముందు పగిలింది. ఆమె చేతిలో హారతి ఆరిపోయింది.

"దిగు," అన్నాడు పటేల్. గొంతు చాలా మెల్లగా ఉంది. "దిగి గేటు బయటికి నడువ్. మళ్ల గీ దిక్కు రాకు."

"పొమ్మంటే పోత. కాలుతున్న బాయిలర్‌ను మనిషి లేకుంట ఇడిసిపెట్టి పోను. మంట గుంజి పోత."

అన్నట్టే చేశాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. కాలే ఊకనంతా కొంచెం కొంచెంగా బయటికి లాగాడు, నీళ్లు చల్లాడు, గాజు గొట్టాన్ని రుమాలుతో తుడిచాడు. అరగంట పైనే పట్టింది. తనను తరిమేస్తున్న మనుషుల ప్రాణాలకు అంత ఓపికగా కాపలా కాసినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. తర్వాత చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది. కార్యదర్శి అక్షరాలు కోడి గీతలని తీర్మానం నా చేత రాయించారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతకు కొద్ది రోజుల ముందే నేను ఊళ్లో సభ పెట్టి మూఢనమ్మకాల మీద రెండు గంటలు గర్జించాను. చప్పట్లు కొట్టించుకున్నాను.

"కారణం ఏమని రాయను?" అని అడిగాను.

గుమ్మడికాయ అనే మాట ఎవరి నోటా రాలేదు. చివరికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు ఒకాయన, "కారణాలెందుకండీ మాస్టారూ, లేనిపోని గొడవ. సంఘం ప్రయోజనాల దృష్ట్యా అని రాసెయ్యండి, సరిపోద్ది," అన్నాడు.

"ఆయన్ని ఒకసారి పిలిచి అడిగితే..." అన్నాను.

పటేల్ నా వైపు తిరిగాడు. "సార్, ఉపన్యాసం స్టేజీ మీద జెప్పుండ్రి. గీడ సంతకం వెట్టుండ్రి."

పెట్టాను. 'సంఘ ప్రయోజనాల దృష్ట్యా' అని నా ముత్యాల అక్షరాలతో రాసి, సంతకం పెట్టాను. ఈ మూడు మాటలను మించిన మూఢనమ్మకం ఈ దేశంలో లేదు. దిష్టి కాయ కనీసం కంటికి కనిపిస్తుంది.

కారణం రాయని చోట ఊరు తన కారణాలు తానే రాసుకుంటుంది. వారం తిరిగేసరికి టీ హోటల్లో "సామాను బయట అమ్ముకుంటుండెనట" అన్నారు. పది రోజులకు "తాగి డ్యూటీ జేస్తుండెనట" అన్నారు. ఆయన టీ తప్ప ఏదీ ముట్టడని తెలిసినవాళ్లే అన్నారు. నేను విన్నాను. నా గ్లాసు ఖాళీ చేసి లేచి వచ్చాను.

మిల్లుకు కొత్త మనిషి వచ్చాడు. నస్రుల్లాబాద్ వాడు, పటేల్‌కు దూరపు బంధువు, అంతకుముందు నూనె ఇంజన్లు నడిపేవాడు. మంచివాడే పాపం, బాయిలర్ అంటే భయం. రెండో రోజు పంపు విచిత్రంగా దగ్గడం మొదలుపెట్టింది. గోడ బయటి నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఓ తమ్మీ! అవ్వ గాలి మింగుతుంది. పంపు మీద చిన్న నల్లా ఉంటది, జెర తిప్పి గాలి తియ్యి!"

బాయిలరన్న. గేటుకు ఆయన్ని లోపలికి రానీయొద్దని నోటీసు అంటించి ఉంది. అందుకని ఆయన లోపలికి రాలేదు. ప్రహరీ అవతల, రోడ్డు పక్క సోడాబండి నీడలో నిలబడ్డాడు. ఆ రోజు నుంచి పదకొండు రోజులు పొద్దున వచ్చి, గోడకు చెవి పెట్టి, అవ్వ చప్పుడు విని, కొత్తవాడికి కేకేసి పని నేర్పాడు.

"నీళ్లు కనవడుతున్నయా?"

"కనవడుతున్నయ్ అన్నా!"

"ఎంత?"

"సగం!"

"సగం కంటె కిందికి దిగనియ్యకు. దిగితే పంపు దిక్కు ఉరుకుడు కాదు, మంట దిక్కు ఉరుకు. ముందు మంట గుంజు. సమజయిందా?"

"అయింది అన్నా! దిమ్మ ఏ గీత మీదుండాలె?"

"నడిమి గీత. దాని మీద ఈగను గూడ వాలనియ్యకు!"

గోడకు ఇవతల ఆఫీసు గది. కిటికీ తెరిచే ఉంటుంది. పటేల్ అందులోనే కూర్చుని పేపరు చదివేవాడు. ఆ కేకలు వినిపించనట్టు పేజీ తిప్పేవాడు. మిగతా కమిటీ కూడా చెవిటిదైపోయింది. నోటీసు నోటీసుగానే ఉంది, పని పనిగానే నడిచింది. తరిమేసిన మనిషి గొంతు మీద మిల్లు నడుస్తోందని అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు!

ఒకరోజు నేను సోడాబండి దగ్గరికి వెళ్లి, "ఇంత అవమానం చేసిన వాళ్ల కోసం ఎందుకన్నా ఇది?" అని అడిగాను.

ఆయన చెవి గోడకే ఉంది. "అవ్వ ఏం తప్పు జేసింది సార్? గా వడ్లు ఆరవోసే ఆడోళ్లు ఏం తప్పు జేసిన్రు?" అన్నాడు. పంపు చప్పుడు విని, "పటేల్ గూడ అండ్లనే గూసుంటడు గదా," అన్నాడు.

పన్నెండో రోజు రాలేదు. కొత్తవాడికి పని వచ్చేసింది.

తర్వాత నెలకో ఏమో, మా ఇంటికి వచ్చాడు. చేతిలో మడతపెట్టని తెల్లకాగితం ఒకటి, నలగకుండా పాత క్యాలెండర్ అట్టల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

"సార్, ఒక ముక్క రాసియ్యాలె."

"ఏం రాయాలి?"

"నన్ను ఎందుకు తీసేసిన్రో. ఏ మిల్లుకు వోయినా సర్టిఫికెట్ సూసి పనోడివే అంటుండ్రు. మళ్ల, గక్కడ ఏం జేసినవ్, ఉత్తగనే తీస్తరా అంటుండ్రు. దొంగతనం అని ఒకడు, తాగుడు అని ఒకడు. నేను ఎంతమందికి జెప్పుకుంట తిరగాలె? గుమ్మడికాయ కోసిండు, అందుకు తీసేసినం అని రాసి మిల్లు మొహరు కొట్టియ్యుండ్రి. గంతే."

"కొలువు మళ్లీ అడగవా?"

"పొమ్మన్న ఇంటికి మళ్ల పోను సార్. కాయిదం ఇయ్యుండ్రి సాలు."

కమిటీ ముందు పెడతానన్నాను. పెట్టాను కూడా. పటేల్ కాగితం వైపు చూసి, "గిది రాసిస్తే లోకమంత మన ముఖం మీద నవ్వుతది సార్," అన్నాడు. చూశారా? కారణం రాయలేనిది కాదు, రాస్తే సిగ్గుపడాల్సింది. అందుకే రాయరు. ఏ సంస్థా రాయదు. తెల్లకాగితం నా బల్ల సొరుగులోకి వెళ్లింది.

ఆయనకు ఆ తర్వాత ఏ మిల్లులోనూ బాయిలర్ దొరకలేదు. జుక్కల్ వైపు పొలాల్లో నీళ్ల మోటార్లు బాగుచేస్తూ తిరిగాడు.

రెండు మూడేళ్లకు మా హేతువాద మిత్రులం ఊళ్లో ఒక సభ పెట్టాం. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. బాయిలరన్నను వేదిక ఎక్కించి శాలువా కప్పాలి! కబురు పంపితే వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని, మెడలో తాయెత్తుతో. నేను మైకు పట్టుకుని, దేవుడి పేరు మీద వేలాడే అజ్ఞానాన్ని ఒక్క వేటుతో నరికిన వీరుడని పరిచయం చేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన శాలువా కప్పించుకోలేదు. చేతికి తీసుకుని, మడిచి, కుర్చీ మీద పెట్టాడు.

"సార్ గట్లనే అంటడు గని, నేను దేవుణ్ణి కొయ్యలే. శనారం శనారం ఒక్కపొద్దుంట నేను. బరువు కోసిన. గా కాయ గేటుకు కడితే నేనే దండం వెడుతుంటి."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"నా కాయిదం ఏమాయె సార్?"

మైకు నా చేతిలోనే ఉంది. ముప్ఫై ఏళ్లుగా వాదాల్లో ఎవరికీ జవాబు బాకీ పడనివాణ్ణి, ఆ రోజు మైకు పక్కవాడి చేతికిచ్చాను. ఆయన అది చూశాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హేతువాదం అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదువుకున్నాను, ఆయన దగ్గర చూశాను. కళ్ల ముందున్న గాజు గొట్టాన్ని వదిలి ఎంత పెద్దవాడి మొహమూ చూడకపోవడం. ఉన్న కారణాన్ని, అది ఎంత చిన్నదైనా, ఎవరికి సిగ్గైనా, ఉన్నట్టు చెప్పడం. తాయెత్తు కట్టుకున్న ఆయన ఆ పని చేశాడు. కట్టుకోని నేను చేయలేదు.

ఆయన్ని తీసేసిన మరుసటి సీజను నుంచే గుమ్మడికాయను మిల్లు గేటు దూలానికి కట్టడం మొదలైంది. పటేలే కట్టించాడు. చోటు ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు. సిద్ధాంతి కూడా అడగలేదు. బాయిలరన్న మాట మిల్లులో ఉండిపోయింది, ఆయన పేరు మాత్రం లేదు.

దిమ్మ కొన్న మర్నాడు సొరుగు తీశాను. తెల్లకాగితం అంచులు పచ్చబడ్డాయి. దాని మీదే రాశాను. "ఈయన పనిలో ఏ దోషమూ లేదు. దొంగతనం చేయలేదు, తాగలేదు. ప్రమాదం జరగకుండా గుమ్మడికాయ కోసినందుకు తీసేశాం. అది మా తప్పు." కింద నా పేరు, కమిటీలో నా పాత హోదా. కొట్టడానికి మొహరు లేదు, మిల్లే లేదు. పటేల్ ఇప్పుడు మంచం మీద ఉన్నాడు. తీసుకెళ్లి చదివి వినిపించాను. చెయ్యి చాపాడు. పెన్ను అందించాను. నా పేరు కింద సంతకం పెట్టాడు.

మద్నూర్ వెళ్లాను. ఆయన భార్య గుమ్మంలోనే గుర్తుపట్టింది. "బసా, బసా" అని మరాఠీలో అంటూ పీట వేసింది. కాగితం చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. తిప్పి చూసింది.

"గుమ్మడికాయ అని రాసిన్రా?"

"రాశానమ్మా."

"ఎక్కడున్నది?"

వేలు పెట్టి చూపించాను. ఆ మాట మీద బొటనవేలు ఆనించి కూర్చుంది. "గదే అడిగెటోడు," అంది. "రోజు పొద్దుగాల తపాలాయన వోయేదాంక గుమ్మంల నిలవడెటోడు." లేచి, రేకు పెట్టె తెరిచి, ఆయన బాయిలర్ సర్టిఫికెట్ పక్కన దాన్ని పెట్టి మూసింది. మూత మీద చెయ్యి ఉంచి, "జెర ముందుగాల తెస్తే ఆయనే సూస్తుండె గద సార్," అంది.

నాకు ఆ సమయం దాటిపోయింది. మీకు మాత్రం ఇంకా సమయం ఉంది. మీ తీర్మానాల పుస్తకం తెరవండి. 'సంఘ ప్రయోజనాల దృష్ట్యా' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. వాటిని కొట్టేసి అసలు కారణం రాయండి, మీకు సిగ్గుగా ఉన్నా సరే. సంతకం పెట్టండి. పోస్టులో వేయకండి, మీరే తీసుకెళ్లండి. ఈ వారమే వెళ్లండి, తలుపు ఆ మనిషే తీసే రోజుల్లోనే వెళ్లండి.